పంక్ పాట – బతుకమ్మ ఆట

పంకం అంటే బురద. ఆ బురదలోంచి పుట్టింది గనకే తామరపువ్వు పంకజమైంది. ఇంగ్లీషువాళ్ళ 'పంక్'కీ మన పంకానికీ చుట్టరికం ఏమీ లేదు గాని, ఆ మాటకున్న అర్థాలు చూస్తే అదీ బురదలోంచి లేచిందే అనిపిస్తుంది. పనికిమాలినవాడు, పోకిరీ, అల్లరిచిల్లర మనిషి – నిఘంటువు తిరగేస్తే కనబడేవి ఇవే. ఇంకో పాత అర్థం కూడా ఉంది: చివికిన కట్టె. దూలానికి పనికిరాదు, గడపకు పనికిరాదు, నిప్పు రాజెయ్యడానికి మాత్రం దాన్ని మించింది లేదు. 1970ల నడుమ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ కొందరు కుర్రాళ్ళు మొదలుపెట్టిన సంగీతానికి 'పంక్ రాక్' అన్న పేరు స్థిరపడింది. తిట్టులాంటి ఆ పేరును వాళ్ళు బిరుదులా తగిలించుకు తిరిగారు.

నేను ఆ పంక్ రాక్‌కు అభిమానిని. దాని కడుపున పుట్టిన 'ఇండీ' రాక్‌కూ అభిమానినే. నలభై దాటిన ఆడది, వరంగల్లులో కాపురం చేసుకుంటూ నవలలు రాసుకునేది, దీనికి ఈ వేషం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ముందే నవ్వేశారు లెండి. నేను వంట చేస్తూ ఫోన్లో ఆ పాటలు పెట్టుకుంటే మా ఆయన తొంగిచూసి "మిక్సీ ఖరాబైందా ఏంది?" అంటారు. మా అత్తమ్మ మరీ జాలిగుండె మనిషి. "ఎవలో పాపం కొట్లాడుకుంటున్నరు, పోయి ఇడిపియ్యిండ్రి" అంటుంది.

ఈ కొట్లాట ఎట్లా మొదలైందో ముందు చెబుతాను. 1970ల మొదటికి రాక్ సంగీతం పెద్ద వ్యాపారమైపోయింది. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు. వాయిద్యాలు లారీలకొద్దీ. వాయించేవాళ్ళకు కోటలూ విమానాలూ. వినేవాళ్ళు మైదానంలో ఎక్కడో చివర నిలబడి చప్పట్లు కొట్టాలి, అంతే. అప్పుడు న్యూయార్కులో 'రమోన్స్' అని నలుగురు బయల్దేరారు. అన్నదమ్ములేమీ కారు, కాని అందరూ ఇంటిపేరు రమోన్ అనే పెట్టుకున్నారు. 1976 ఏప్రిల్లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డులో 14 పాటలు. మొత్తం కలిపి అరగంటకు కాస్త తక్కువ! మన కచేరీల్లో అయితే విద్వాంసులు అప్పటికింకా రాగం అందుకుంటూ ఉంటారు.

లండన్లో 'సెక్స్ పిస్టల్స్' పుట్టుకొచ్చారు. ఈ పేజీలో ఆ పేరు రాయడానికి కాస్త సంకోచంగానే ఉంది. వినేవాళ్ళు సంకోచపడాలనే వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు మరి. 1977లో ఎలిజబెత్ రాణి పాతికేళ్ళ పాలన సంబరాలు దేశమంతా జరుగుతుంటే, సరిగ్గా అప్పుడే ఆమెను వెక్కిరిస్తూ ఒక పాట విడుదల చేశారు. బీబీసీ దాన్ని నిషేధించింది. నిషేధించినా అమ్మకాల పట్టీలో అది రెండో స్థానం దాకా ఎక్కి కూచుంది.

పేపర్లకెక్కిన కథ అది. నాకు నచ్చిన కథ మాత్రం మాంచెస్టరుది. పీట్ షెల్లీ, హవర్డ్ డెవోటో అనే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు లండన్ వైపు వెళ్ళి పిస్టల్స్ పాట విని, వాళ్ళను తమ ఊరికి పిలిపించి 1976 జూన్ 4న ఒక చిన్న హాల్లో కచేరీ పెట్టించారు. వచ్చినవాళ్ళు కొన్ని పదులమంది. మన దగ్గర సత్యనారాయణ వ్రతానికి అంతకంటే ఎక్కువమందే వస్తారు. కాని ఆ వచ్చినవాళ్ళలో తరువాత 'జాయ్ డివిజన్' పెట్టినవాళ్ళున్నారు, 'ద ఫాల్' పెట్టినతనున్నాడు, 'ద స్మిత్స్' గాయకుడు మోరిసీ ఉన్నాడు. అంతా ఇంటికి పోతూ "వీళ్ళు పాడగాలేనిది మనం పాడలేమా?" అనుకున్నారన్నమాట. వేదిక మీది మనిషిని చూసి 'అబ్బ, మనవల్ల కాదు' అనుకోవడం మామూలు కచేరీ లక్షణం. ఇక్కడ అది తలకిందులైంది.

ఆ షెల్లీ, డెవోటోలే 'బజ్‌కాక్స్' అనే తమ సొంత జట్టుతో 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు తీశారు. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు చేబదులు తీసుకున్నారు. వెయ్యి కాపీలు వేయించారు. అవి పోతాయా పోవా అని భయపడితే చివరికి 16 వేల దాకా పోయాయట. అట్ట మీద ఏ పాటను ఎన్నోసారికి సరిగా పాడగలిగారో కూడా అచ్చు వేసుకున్నారు. అంటే వంట ఎట్లా చేశామో, ఎన్నిసార్లు మాడిందో కూడా చెప్పి వడ్డించడమన్నమాట. ఇట్లా పెద్ద కంపెనీల అండ లేకుండా సొంత ఖర్చుతో చేసుకునే సంగీతానికే 'ఇండిపెండెంట్' అని పేరు వచ్చింది. ఆ పొడుగు పేరుకు ముద్దుపేరు 'ఇండీ'. 1980 జనవరి నుంచి బ్రిటన్లో ఆ రికార్డుల అమ్మకాలకు వేరే పట్టీయే మొదలైంది.

అదే 1977 జనవరిలో 'సైడ్‌బర్న్స్' అనే ఒక చేతిపత్రికలో ఒక బొమ్మ వేశారు. గిటారు మీద వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించే మూడు గీతల బొమ్మలు. వాటి కింద, ఈ మూడూ వచ్చాయి గదా, ఇక పోయి ఒక జట్టు కట్టండి అని సలహా. పంక్ వేదమంతా ఆ బొమ్మలోనే ఉందంటారు.

ఆ సలహా విలువ నాకు కాస్త ఎక్కువే తెలుసు. బడిలో పంద్రాగస్టుకు బృందగానం నేర్పేటప్పుడు మా టీచరు నన్ను చివరి వరసలో నిలబెట్టి "నువ్వు పాడకు, ఊరికే పెదవులాడించు" అని చెప్పింది. నాలాంటి పెదవుల పిల్లలు ఇంకో నలుగురున్నారు. మీలోనూ చాలామంది ఉంటారు, నాకు తెలుసు. తరువాత వరంగల్లులో డిగ్రీ చదివే రోజుల్లో ఒక స్నేహితురాలు తన అన్నయ్య హాస్టల్లో కాపీ కొట్టించిన క్యాసెట్ ఒకటి తెచ్చింది. దాని మీద బాల్‌పెన్‌తో 'ఫాస్ట్ సాంగ్స్' అని మాత్రమే రాసి ఉంది. ఎవరు పాడారో చాలా ఏళ్ళ దాకా తెలియలేదు. నాకు ఒక్కటి మాత్రం వెంటనే తెలిసింది: ఆ పాడేవాడికి పాట రాదు. మా టీచరు చేతిలో పడితే వాణ్ణీ చివరి వరసలోనే నిలబెట్టేది. అయినా వాడు పెదవులాడించడం లేదు, గొంతెత్తి పాడుతున్నాడు. అభిమానం ఆ రోజు మొదలైంది.

ఆర్ట్స్ చదివినదాన్ని గనక నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఇదేదో సీమనుంచి ఊడిపడ్డ వింత అనుకుంటాం గాని, మన ఓరుగల్లు ఎప్పటినుంచో ఈ తగువు చూస్తూనే ఉంది. గణపతిదేవుని గజసైన్యానికి అధిపతి జాయపసేనాని. ఏనుగుల్ని నడిపించే ఆ పెద్దమనిషి 1253–54లో 'నృత్తరత్నావళి' అని సంస్కృతంలో నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గ పద్ధతికి, అంటే శాస్త్రం చెప్పినదానికి. మిగతా నాలుగూ దేశి పద్ధతికి, అంటే జనం ఆడుకునేదానికి. సగానికి సగం! రాజుగారి బావమరిది, శాస్త్రం చదువుకున్నవాడు, ఊళ్ళలో జనం వేసే అడుగులకు కూడా శాస్త్రంతో సమానంగా పీట వేశాడు. ఇవాళ్టి మన సంగీత సభలు ఎన్నింటిలో ఆ సగం వాటా దొరుకుతుందంటారు?

పాలకుర్తి ఇక్కడికి దగ్గరే. పాల్కురికి సోమనాథుడు ఆ ఊరివాడు. పండితులు మెచ్చే చంపూ పద్ధతి వదిలేసి, అందరికీ తెలిసే జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణం రాశాడు. రెండు పాదాల చిన్న ఛందస్సు అది. పాడుకోవడానికి తేలిక. నన్నడిగితే అప్పటి కాలానికి అదే 'మూడు గీతల బొమ్మ'. ఆయన పండితారాధ్యచరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునే పాటల పేర్లు చెప్పకపోతే, అప్పటి ఆడవాళ్ళు ఏం పాడుకున్నారో మనకు తెలిసే దారే లేదు. ఇక బమ్మెర పోతన సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. భాగవతాన్ని రాజుకు అంకితమియ్యనని పొలం దున్నుకున్నాడు. పెద్ద కంపెనీ గడప తొక్కనన్న మొదటి తెలుగువాడు ఆయనేనేమో! పోతన్నకూ బజ్‌కాక్స్‌కూ పోలికా అని కోప్పడకండి. భక్తిలో పోలిక లేదు, సొంత ఖర్చు విషయంలోనే పోలిక.

ఇంకా దగ్గరికి వస్తే 1965. అప్పటికి లండన్లో పంక్ పేరే లేదు. హైదరాబాదులో నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మంత్రులూ లేరు, పూలదండలూ లేవు. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టుకున్నారు. వారాలకూ ఋతువులకూ కూడా కొత్త పేర్లు పెట్టారు. 1966లో, 1968లో ఇంకో రెండు సంపుటాలు తెచ్చి, ఆపైన ఎవరి దారిన వాళ్ళు పోయారు. మర్యాదస్థుల చెవులు గింగుర్లెత్తే భాష వాడారు. ఆడపిల్లలు చదవకూడదని ఆ పుస్తకాలు దాచిపెట్టిన ఇళ్ళు కూడా ఉండేవి. పదకొండేళ్ళ తరువాత ఇంగ్లండులో పిస్టల్స్ కూడా సరిగ్గా ఇదే పని చేశారు. జానీ రాటెన్, సిడ్ విషస్ అని పేర్లు పెట్టుకుని, మర్యాదస్థుల చెవులు గింగుర్లెత్తించి, రెండేళ్ళలో చెదిరిపోయారు. చివికిన కట్టె ఎక్కువసేపు మండదు. దాని పని అంటించడం వరకే.

మన దగ్గర ఆ నిప్పు పాటకూ అంటుకుంది. బి. నర్సింగరావు గారి ఆర్ట్ లవర్స్ నీడన చేరిన గుమ్మడి విఠల్ రావు గద్దర్ అయ్యాడు. 1972లో జననాట్యమండలి మొదలైంది. గోచీ, గొంగడి, కాళ్ళకు గజ్జెలు, పక్కన డప్పు. ఆ రాజకీయాలతో ఏకీభవించేవాళ్ళున్నారు, ఏకీభవించనివాళ్ళున్నారు. ఆ సంగతి ఇక్కడ తేలేది కాదు. నేను చెప్పేది డప్పు గురించి. చావుకు డప్పు కావాలి, జాతరకు కావాలి, చాటింపుకు కావాలి. కాని కచేరీ అన్నప్పుడు మాత్రం అది వాకిట్లోనే ఆగిపోవాలి, వాయించే మనిషితో సహా. ఆ డప్పును వేదిక నడిమికి తెచ్చి, వాయించే చేతికి గౌరవం తెచ్చిన తరం అది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూం ధాం సభల్లో అదే డప్పు తెలంగాణ ఉద్యమమంతా మోగింది. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయినప్పుడు ఆయన భావాలతో ఏనాడూ కలవనివాళ్ళు కూడా టీవీ ముందు కూచుని ఆ పాటలు గొణుక్కోవడం నేను చూశాను.

మరి ఇంత ఉన్నా, గిటార్లు పట్టుకున్న జట్లు తెలుగులో పాడుకోవడానికి ఇన్నేళ్ళెందుకు పట్టింది? కలకత్తాలో 1975లోనే గౌతమ్ చట్టోపాధ్యాయ్ బృందం 'మొహీనేర్ ఘోరాగులి' బెంగాలీలో అట్లాంటి పాటలు కట్టింది. వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది 1977లో. లండన్ ఉడికిపోతున్న ఏడే. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1981కి జట్టు విడిపోయింది. పాతికేళ్ళకు వాళ్ళ పాట బాణీనే ఒక హిందీ సినిమా వాడుకుంటే దేశమంతా పాడింది.

మన దగ్గర అడ్డు నిలిచింది సినిమా. అడ్డు అని నిష్ఠూరంగా అనడం లేదు, మన సినిమా పాట అంత గొప్పది. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చింది మొదలు పాట అంటే సినిమా పాటే. పెళ్ళికీ అదే, పేరంటానికీ అదే, దేవుడి పందిరికీ అదే. రేడియోవాళ్ళు లలిత సంగీతమనీ 'ఈ మాసపు పాట' అనీ ఒక మూల దీపం పెట్టి కాపాడుకొచ్చారు. సినిమాలో లేని పాటకు మనవాళ్ళు పెట్టిన పేరు చూశారా – 'ప్రైవేటు పాట'! రికార్డుల కాలంలోనూ అదే పేరు, క్యాసెట్ల కాలంలోనూ అదే పేరు. ఊరంతా కలిసి పాడుకునే పల్లెపాట క్యాసెట్ కెక్కితే ప్రైవేటు. ఎవరో నిర్మాత డబ్బు పెట్టి తీసుకున్న సినిమాలోది మాత్రం అందరిదీ. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంజనీరింగు కాలేజీల పండగల్లో గిటార్లు మోగేవి గాని ఇంగ్లీషులోనే మోగేవి. మన కోపం, మన అద్దె ఇల్లు, మన బస్సు ప్రయాణం ఆ పాటల్లో ఎక్కడా ఉండేవి కావు.

హైదరాబాదు 'చౌరస్తా' జట్టు పాట మొదటిసారి విన్నప్పుడు నాకు అంత సంతోషం కలగడానికి కారణం అదే. వరంగల్లు వాళ్ళకు చౌరస్తా అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆటోలు, బండ్ల మీద పండ్లు, నాలుగు దిక్కుల జనం. ఆ జట్టు పాటా అట్లాగే ఉంటుంది. పల్లెపదం ఒక వీధిలోంచి వస్తుంది, జమైకా రెగే ఒక వీధిలోంచి వస్తుంది, గిటారు ఇంకో వీధిలోంచి. వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామ' పట్నంలో విసిగిపోయిన మనిషి పాట. అది విని మా ఆయన కూడా "ఇది మిక్సీ కాదు" అని ఒప్పుకున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు జాగ్రత్తలు చెబుతూ వాళ్ళు కట్టిన పాట ఫోనుఫోనుకూ తిరిగింది. వాళ్ళలో రామ్ మిరియాలను సినిమా పిలిచింది. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 2022లో 'డీజే టిల్లు' పాట, రెండూ ఊరూవాడా మోగాయి. ఇండీ వాళ్ళు సినిమాకు పోతే చాలామంది అభిమానులు మొహం ముడుచుకుంటారు. నేను ముడుచుకోను. మనుషులన్నాక ఇల్లు గడవాలి. నాకు కావలసిందల్లా వచ్చేటప్పుడు తెరిచిన ఆ తలుపు వెనక వచ్చేవాళ్ళకు మూసుకుపోకూడదని.

అభిమానిని గదా అని అన్నీ మెచ్చుకుంటాననుకోకండి. పంక్ వాళ్ళలో కొందరు జనం ఉలిక్కిపడాలని హిట్లర్ గుర్తున్న చొక్కాలు తొడుక్కున్నారు. అది ధైర్యం కాదు, చవకబారుతనం. పిస్టల్స్‌ను నడిపించిన మాల్కమ్ మెక్లారెన్ బట్టల వ్యాపారి కూడా. తిరుగుబాటుతో పాటు చొక్కాలూ అమ్ముడుపోయాయి. నలభై ఏళ్ళ ఉత్సవాలు జరుగుతుంటే ఆయన కొడుకు జో కోరే 2016 నవంబర్ 26న థేమ్స్ నది మీద పడవలో తన దగ్గరున్న పంక్ వస్తువులన్నీ తగలబెట్టాడు. వాటి విలువ 50 లక్షల పౌండ్లన్నాడు. పంక్‌ను మ్యూజియంలో పెట్టే వస్తువు చేశారని అతని కోపం. కోపం న్యాయమే కావచ్చు గాని, మా అత్తమ్మకు ఈ కథ చెబితే "అమ్మి బీదోళ్ళకు పంచక పాయె" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అయితే ఆ మ్యూజియానికి దూరంగా కొత్త పంక్ పుడుతూనే ఉంది. డబ్లిన్ కుర్రాళ్ళు 'ఫాంటైన్స్ డీసీ' 2019లో తమ మొదటి రికార్డు 'డాగ్రెల్'ను ఏ మాత్రం సోకు చెయ్యని సొంత ఊరి యాసలో పాడారు. తెలంగాణ యాసలో మాట్లాడితే నవ్విన రోజులు తెలిసినవాళ్ళకు ఆ రుచి వెంటనే తెలుస్తుంది. నాకు మరీ ముద్దొచ్చేది ఆడపిల్లలు. 2021 మే నెలలో లాస్ ఏంజిలిస్ ప్రజా గ్రంథాలయంలో 'లిండా లిండాస్' అనే నలుగురు పిల్లలు పాడిన పాట లోకమంతా తిరిగింది. డ్రమ్స్ వాయించే పిల్లకు అప్పుడు పదేళ్ళు. క్లాసులో ఒక అబ్బాయి, చైనావాళ్ళకు దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడన్నాట్ట. ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు, పాట కట్టింది. గ్రంథాలయంలో, పుస్తకాల బీరువాల మధ్య నిలబడి పాడారు. ఇండోనేషియాలో గారుత్ దగ్గర పల్లెలో తలకు ముసుగేసుకునే ముగ్గురమ్మాయిలు 'వాయిస్ ఆఫ్ బాచెప్రోట్' అని జట్టు కట్టారు. వాళ్ళది పంక్ కాదు, మెటల్ అంటారు, దాని పిన్నికూతురు. బాచెప్రోట్ అంటే వాళ్ళ భాషలో గోల. ఊళ్ళోవాళ్ళు గోల అనకముందే తామే ఆ పేరు పెట్టుకున్నారు. 2024లో ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పాడారు.

ఇదంతా బాగానే ఉంది, మన సంగతేమిటంటారా? గిటారు కొనమనీ డ్రమ్స్ కొనమనీ నేను చెప్పడం లేదు. మన ఆడవాళ్ళకు ఆ మూడు గీతల బొమ్మ ఎప్పుడో ఉంది. దాని పేరు బతుకమ్మ.

ఒకసారి ఆలోచించి చూడండి. వేదిక లేదు. టిక్కెట్టు లేదు. పాట వచ్చా రాదా అని పరీక్ష పెట్టే టీచరు లేదు. ఒకామె ఒక మాట అందుకుంటుంది, తక్కినవాళ్ళంతా దానికి 'ఉయ్యాలో' కలుపుతారు. గొంతు బాగుంటే సరే, లేకపోయినా సరే. మాట మరిచిపోతే చప్పట్లు ఎట్లాగూ ఉన్నాయి. గౌరమ్మ కథ ఎంత ఉంటుందో అత్తింటి కష్టాలూ అంతే ఉంటాయి, తోబుట్టువు మీద బెంగా అంతే ఉంటుంది. ఇంట్లో నోరెత్తి చెప్పుకోలేని మాట వాకిట్లో వందమంది మధ్య పాటలో చెప్పుకునేవాళ్ళు. ఇది ఉత్త ఆట అనుకుని వదిలెయ్యకుండా ఇట్లాంటి జానపద గేయాల మీద పరిశోధన చేసి పట్టా తీసుకున్నవారు బిరుదురాజు రామరాజు గారు. ఆయనదీ మన వరంగల్ వైపు దేవనూరే.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. సంతోషం. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గరా, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కిందా జనం చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. చెవులు మాత్రం చాలినంతకంటే ఎక్కువే నిండుతాయి. డీజే పెట్టెలు మనిషెత్తున నిలబడి ఉంటాయి. అవి మోగితే గుండెకాయ అదురుతుంది, మన చప్పట్లు మనకే వినబడవు. ఫోన్లో చూసి నేర్చుకున్న అడుగులు చక్కగా వేస్తారు మన పిల్లలు. ఎంత ముచ్చటగా ఉంటారో! కాని పాడరు. పెదవులాడిస్తారు. ఆ పెదవులు చూసినప్పుడు నాకు బడిలో చివరి వరస గుర్తొస్తుంది. చెప్పే టీచరు లేకుండానే ఊరు ఊరంతా చివరి వరసలో నిలబడిపోయిందే అనిపిస్తుంది.

పోయిన ఏడు మా వాడలో పెట్టెల అద్దెకు చందా అడగడానికి వచ్చారు. ఇస్తాను గాని, పెట్టె మోగేముందు ఒక గంట మనం పాడుకుందామన్నాను. పక్కింటి కోడలు పిల్ల తెల్లబోయింది.

"పెట్టె లేకుంటే ఎవరు పాడుతరక్కా?"

"మనమే."

"మాకు పాటలేడ వస్తయి?"

లోపల్నుంచి మా అత్తమ్మ అందుకుంది. "ఎవలకు వస్తయే పిల్లా! ఒకామె అంటె తక్కినోళ్ళు అనుడే గద!"

1977లో ఆ చేతిపత్రిక బొమ్మ వేసినతను వింటే మా అత్తమ్మ కాళ్ళకు మొక్కేవాడు. బేరమాడి బేరమాడి చివరికి అరగంట ఇచ్చారు. మా అత్తమ్మే అందుకుంది. గొంతు పగిలింది. రెండు చోట్ల మాట మరిచిపోయి ఆగింది. మూడోసారి ఆగినప్పుడు ఆ కోడలు పిల్ల, వారం నుంచి మా వాడకు నల్లా నీళ్ళు రావడం లేదన్న సంగతే పాటలో పెట్టి ఒక మాట అంది. ఒక్క క్షణం అందరూ నవ్వాపుకోలేకపోయారు. ఆ తరువాత నలభై మంది దానికి 'ఉయ్యాలో' కలిపారు. అంతే, ఇక వరసపెట్టి కరెంటు బిల్లూ వచ్చింది, కోతులూ వచ్చాయి, ఒక ఇంటి మామగారూ వచ్చారు. ఎవరి మామగారో చెప్పను.

అరగంట కాగానే పెట్టెలతను గడియారం చూపించి మీట నొక్కాడు. దాని పాటలకూ బాగానే ఆడాం లెండి. ఈసారి ముప్పావుగంట అడుగుదామని ఆ కోడలు పిల్లే అంటోంది.